తలుపు కొట్టినవాడు నిజంగా ఇమిగ్రేషన్ ఆఫీసరేనా? అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఏం చేయాలి, ఎలా చేయాలి

పోయిన చలికాలంలో ఒక రాత్రి మా పక్క అపార్ట్‌మెంట్ కుర్రాడు ఫోన్ చెవికి పెట్టుకునే వచ్చి మా తలుపు కొట్టాడు. ఎమ్మెస్ చేయడానికి వచ్చి నాలుగు నెలలైంది. మ్యూట్ నొక్కి, "అన్నా, ఇమిగ్రేషన్ ఆఫీసర్ లైన్లో ఉన్నాడు, కట్ చేస్తే పదిహేను నిమిషాల్లో పోలీసులు వస్తారంట, నీ కారు ఒకసారి ఇస్తావా?" అన్నాడు. కారు ఎందుకంటే గిఫ్ట్ కార్డులు కొనడానికి. రెండు వందల డాలర్ల కార్డు ఒకటి అప్పటికే జేబులో ఉంది, ఇంకా వెనక గీకి నంబరు వాళ్ళకు చదవలేదు. స్పీకర్ పెట్టమన్నాను. అవతలి మనిషి యాస అచ్చం అమెరికన్‌లాగే ఉంది. కానీ ఇంకో గొంతు వినపడేసరికి చిరాకుపడి, "అరే, హూ ఈజ్ దట్?" అని నోరు జారాడు.

ఫోన్ కట్ చేయించాను. పదిహేను నిమిషాలు కాదు, ఇప్పటిదాకా ఎవరూ రాలేదు.

ఫోన్ కాబట్టి సరిపోయింది. అదే మనిషి నల్ల చొక్కా మీద "పోలీస్" అని రాయించుకుని గుమ్మంలో నిలబడితే నేను మాత్రం ఏం చేసేవాణ్ణి? నిజమైన ఐస్ (ఇమిగ్రేషన్ చట్టాలు అమలుచేసే ప్రభుత్వ సంస్థ) ఏజెంట్లు కూడా "పోలీస్" అని రాసిన చొక్కాలే వేసుకుంటారు. 2025లో చాలాచోట్ల ముఖానికి గుడ్డ కట్టుకునే వచ్చారు. ఆ చొక్కాలు, బ్యాడ్జీలు ఆన్‌లైన్‌లో ఎవరికైనా దొరుకుతాయి. అందుకే వేషం చూసి అసలో నకిలీయో తేల్చడానికి ప్రయత్నించకండి, అది మనవల్ల కాదు. వచ్చినవాడు అసలైనా, దొంగైనా మీకు ఇబ్బంది రాని పద్ధతి ఒకటి ముందే అనుకుని పెట్టుకోండి. కింద రాసిందంతా ఆ పద్ధతే. నేను లాయర్ని కాదు. మీ కేసులో ఏదైనా చిక్కు ఉంటే ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి.

ముందు చట్టం ఏమంటుందో తెలుసుకోండి

సెక్షన్ నంబర్లు బట్టీ పట్టక్కర్లేదు. ఒక్క 912 గుర్తుంచుకుంటే చాలు. అమెరికా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) క్రిమినల్ చట్టాలు 18వ టైటిల్‌లో, అంటే 18వ భాగంలో ఉంటాయి. అందులోని 912వ సెక్షన్ ప్రకారం, ఫెడరల్ ఆఫీసర్ కాకుండానే ఆఫీసర్‌నని చెప్పుకుని ఆ హోదాలో ఏదైనా పని చేసినా, ఆ పేరు చెప్పి డబ్బు గానీ, కాగితం గానీ, విలువైన వస్తువు గానీ అడిగినా నేరమే. మూడేళ్ళ వరకు జైలు, జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఇందులో "అడిగినా" అన్న మాట పట్టుకోండి. డబ్బు చేతికి అందాల్సిన పని లేదు. "నీ పాస్‌పోర్ట్ ఇటివ్వు" అన్నా సరిపోతుంది. మనవాళ్ళలో చాలామంది "డబ్బేం పోలేదుగా, ఇంక కంప్లైంట్ ఎందుకు" అని ఊరుకుంటారు. పోకపోయినా అది కేసే. 1943లో లెపోవిచ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. అందులో నిందితులు ఎఫ్‌బీఐ వాళ్ళమని చెప్పి ఒక మనిషి ఆచూకీ రాబట్టబోయారు. డబ్బు ఊసే లేదు. మోసంతో ఎదుటివాళ్ళ చేత, మామూలుగా అయితే చేయని పని చేయించబోతే చాలు, అది ఈ చట్టం కిందికి వస్తుందని కోర్టు తేల్చింది.

పక్కనే 913 ఉంది. దొంగ ఆఫీసర్ మిమ్మల్ని అరెస్టు చేసినట్టు నటించినా, కదలనివ్వకపోయినా, మీ జేబులో, ఇల్లో, కారో వెతికినా దానికి విడిగా మూడేళ్ళ వరకు శిక్ష. ప్రభుత్వ బ్యాడ్జీలకు, ఐడీ కార్డులకు నకళ్ళు తయారుచేసినా, దగ్గర పెట్టుకున్నా 701వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు. ఫోన్ మీదో, ఇంటర్నెట్ మీదో డబ్బు గుంజితే వైర్ ఫ్రాడ్ అవుతుంది, దానికి ఏకంగా 20 ఏళ్ళ వరకు ఉంది. ఇవి కాక పోలీసునని నటించడం మీద రాష్ట్రాల చట్టాలు వేరే ఉన్నాయి. టెక్సాస్‌లో అది థర్డ్ డిగ్రీ ఫెలొనీ (తీవ్ర నేరాల్లో ఒక తరగతి), రెండు నుంచి పదేళ్ళ జైలు.

ఒక మెలిక మాత్రం ఉంది. ఈ చట్టం ఒకవైపే పనిచేస్తుంది. మామూలు మనిషి ఆఫీసర్ వేషం వేస్తే నేరం. ఆఫీసరే మామూలు మనిషి వేషం వేస్తే ఈ సెక్షన్ అడ్డురాదు. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుంది కదా? అదొక ఉత్తుత్తి యూనివర్సిటీ, నడిపింది అండర్‌కవర్ ఏజెంట్లే. 2019 జనవరిలో అందులో చేరిన స్టూడెంట్ల అరెస్టులు మొదలయ్యాక మన ఇళ్ళలో ఎంత టెన్షన్ పడ్డారో చెప్పక్కర్లేదు.

ఫోన్ వస్తే

నంబరు చూసి నమ్మకండి. స్క్రీన్ మీద ఏ నంబరు కావాలంటే ఆ నంబరు కనపడేలా చేయడం వాళ్ళకు చాలా తేలిక. 2017లో హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖలో మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే హాట్‌లైన్ నంబరునే దొంగలు వాడుకున్నారు. 2018లో వాషింగ్టన్‌లోని మన ఎంబసీ నంబరుతోనూ ఇదే ఆట ఆడారు. "పాస్‌పోర్టులో తప్పుంది, వీసా ఫారంలో తప్పుంది, డబ్బు కడితే సరిచేస్తాం" అన్నారు.

వాళ్ళకు మీ పేరు, యూనివర్సిటీ, వచ్చిన నెల తెలిసి ఉండొచ్చు. మా కుర్రాడి విషయంలో అవన్నీ లింక్డ్‌ఇన్‌లో, ఎయిర్‌పోర్టులో దిగిన ఫొటో కింద అతనే రాసుకున్నవి. మొదట బెదిరించే మాటల్లో కాస్త నిజం కూడా ఉంటుంది, అక్కడే పడిపోతాం. ఉదాహరణకు, "ఇల్లు మారి అడ్రస్ అప్‌డేట్ చేయలేదు" అంటారు. అడ్రస్ మారితే పది రోజుల్లో చెప్పాలన్న రూల్ నిజంగానే ఉంది. స్టూడెంట్లయితే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే డీఎస్‌ఓకి చెప్పాలి. చెప్పామో లేదో గుర్తుండదు, గుండె జారిపోతుంది. కానీ ఆ పొరపాటుకు ఫోన్‌లో ఫైన్ కట్టించుకునే పద్ధతి ఎక్కడా లేదు. అలాగే వాళ్ళు కట్టమనే "ఫెడరల్ స్టూడెంట్ ట్యాక్స్" అనే పన్నే లేదు.

చేయాల్సింది ఇంతే. పేరు, బ్యాడ్జ్ నంబరు, ఏ ఆఫీసో అడిగి రాసుకోండి. "నేనే తిరిగి చేస్తాను" అని చెప్పి పెట్టేయండి. పెట్టేస్తే అరెస్టు చేస్తామంటే ఇంకా తొందరగా పెట్టేయండి. వాళ్ళిచ్చిన నంబరుకు కాకుండా, ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ అసలు నంబరు 800-375-5283కి మీరే డయల్ చేయండి, లేదా పొద్దున్నే డీఎస్‌ఓకి మెయిల్ పెట్టండి. హెచ్1బీ వాళ్ళు కంపెనీ లాయర్ని అడగండి. యూఎస్‌సీఐఎస్ ఫోన్‌లో గానీ, ఈమెయిల్‌లో గానీ డబ్బు కట్టమనదు. గిఫ్ట్ కార్డు, వెస్టర్న్ యూనియన్, పేపాల్, క్రిప్టో అన్న మాట వినపడిందంటే ఇక ఆలోచించే పనే లేదు.

ఆ "అరే" సంగతికి వస్తే, అదేం వింత కాదు. 2016 అక్టోబరులో ముంబై పక్కన మీరా రోడ్‌లో ఠాణే పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడి చేసి వందల మందిని పట్టుకున్నారు. అదే నెలలో అమెరికా న్యాయశాఖ అహ్మదాబాద్ కాల్ సెంటర్లతో కలిపి మనుషులు, సంస్థలు అన్నీ కలిపి మొత్తం 61 నిందితుల మీద కేసు పెట్టింది. అక్కడ కూర్చున్నవాళ్ళు ఐఆర్‌ఎస్ (పన్నుల శాఖ), యూఎస్‌సీఐఎస్ ఆఫీసర్లమని చెప్పి అమెరికాలో ఉన్నవాళ్ళను భయపెట్టి డబ్బు లాగారు. 2018లో 21 మందికి అమెరికా కోర్టు శిక్ష వేసింది. కొందరికి 20 ఏళ్ళ దాకా పడింది. మన భయం ఏంటో మనవాడికంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

తలుపు కొడితే

ఇది కాస్త నిదానంగా చదవండి, వీలైతే రూమ్మేట్స్‌కి కూడా చదివి వినిపించండి.

తలుపు తీయకండి. గొలుసు పెట్టి సందులోంచి చూడటం కూడా వద్దు, మూసిన తలుపు వెనకనుంచే మాట్లాడండి. "ఏ ఏజెన్సీ? ఎవరి కోసం వచ్చారు? జడ్జి సంతకం చేసిన వారెంట్ ఉందా?" ఈ మూడే అడగండి. గొంతు పెంచకండి, వెటకారం వద్దు. వచ్చినవాళ్ళు నిజమైనవాళ్ళే అయితే మీ మర్యాద మీకే పనికొస్తుంది.

వారెంట్ ఉందంటే తలుపు కిందనుంచి తోయమనండి, లేదా కిటికీ అద్దానికి ఆనించి చూపించమనండి. చూడాల్సింది రెండు చోట్ల. పైన "యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్ట్" అనో రాష్ట్ర కోర్టు పేరో ఉండి, కింద జడ్జి లేదా మెజిస్ట్రేట్ సంతకం ఉంటే అది కోర్టు వారెంట్. అందులో మీ అడ్రస్, తేదీ సరిగా ఉన్నాయో చూడండి. పైన "డిపార్ట్‌మెంట్ ఆఫ్ హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ" అని, మూలన ఐ-200 అనో ఐ-205 అనో ఉంటే అది ఇమిగ్రేషన్ శాఖ తన ఆఫీసర్ సంతకంతో తానే ఇచ్చుకున్న కాగితం. మీరు ఒప్పుకోకపోతే ఆ కాగితంతో ఇంట్లోకి రాకూడదన్నది చాలాకాలంగా ఉన్న మాట. దేశం విడిచి వెళ్ళమని తుది ఆర్డరు వచ్చినవాళ్ళ విషయంలో ప్రభుత్వం ఇప్పుడు వేరేలా వాదిస్తోంది. అలాంటి ఆర్డరు ఉన్నవాళ్ళు ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే లాయర్ దగ్గరికి వెళ్ళండి.

వాళ్ళతో మాట్లాడుతూనే ఇంకొకరి చేత 911కి ఫోన్ చేయించండి. ఒక్కరే ఉంటే మీరే చేయండి. చెప్పాల్సిన వాక్యం ముందే అనుకుని ఉంచుకోండి: ఇమిగ్రేషన్ ఆఫీసర్లమని చెబుతున్నవాళ్ళు తలుపు దగ్గర ఉన్నారు, వాళ్ళు నిజమైనవాళ్ళో కాదో తెలియడం లేదు, ఒక ఆఫీసర్ని పంపించండి. అడ్రస్‌లో అపార్ట్‌మెంట్ నంబరు చెప్పడం కంగారులో మర్చిపోతారు, అది ముందు చెప్పండి. ఫెడరల్ ఏజెంట్లు వచ్చిన సంగతి స్థానిక పోలీసులకు తెలియకపోవచ్చు. అయినా యూనిఫాంలో ఒక పోలీసు వస్తే చాలు, దొంగలైతే ఆ సైరన్ వినగానే మాయమవుతారు. అసలువాళ్ళయితే అక్కడే నిలబడతారు.

ఒరిజినల్ పాస్‌పోర్ట్ తలుపు కిందనుంచి తోయకండి. ఎవరు అడిగినా సరే.

బలవంతంగా లోపలికి వస్తే తోయకండి, పరిగెత్తకండి, అడ్డం నిలబడకండి. "ఐ డూ నాట్ కన్సెంట్" అని పైకి అనండి, చేతులు కనపడేలా పెట్టుకోండి, ఫోన్ రికార్డింగ్‌లో ఉంటే ఉండనివ్వండి. వాళ్ళు నిజమైన ఆఫీసర్లని తర్వాత తేలితే, మీరు చేయి చేసుకున్నది వేరే ఫెడరల్ నేరం అవుతుంది. అలాగే అబద్ధం చెప్పకండి, దొంగ కాగితం చూపించకండి. మాట్లాడకుండా ఉండటం మీ హక్కు, అబద్ధం చెప్పడం హక్కు కాదు. నిజమైన ఇమిగ్రేషన్ ఆఫీసర్ అరెస్టు చేసేటప్పుడు, వీలైనంత త్వరగా తానెవరో, ఎందుకు అరెస్టు చేస్తున్నాడో చెప్పాలని వాళ్ళ రూల్సే చెబుతున్నాయి. అందుకే అడగడానికి మొహమాటపడకండి.

ఇదంతా అతి అనిపిస్తే ఈ రెండు సంగతులు వినండి. 2025 జనవరిలో నార్త్ కరోలినాలోని ర్యాలీ నగరంలో ఒకడు ఐస్ ఆఫీసర్‌నని, తన మాట వినకపోతే దేశం నుంచి పంపించేస్తానని బెదిరించి ఒక మహిళ మీద అత్యాచారం చేశాడని పోలీసులు అరెస్టు చేశారు. అదే ఏడాది జూన్‌లో ఫిలడెల్ఫియాలో ఒక కార్ల రిపేరు షాపులోకి ఒకడు ఇమిగ్రేషన్ ఏజెంట్‌లా వచ్చి, కౌంటర్లో ఉన్నామె చేతులు ప్లాస్టిక్ టై‌తో కట్టేసి గల్లాపెట్టెలో డబ్బు పట్టుకుపోయాడు. అక్కడున్న మగవాళ్ళు ఐస్ అనగానే పారిపోయారని వార్తల్లో వచ్చింది. దొంగకు కావలసింది కూడా అదే.

ఆఫీసుకు వచ్చేవాళ్ళ సంగతి వేరు. హెచ్1బీ వాళ్ళ కోసం యూఎస్‌సీఐఎస్ నుంచి చెప్పకుండా సైట్ విజిట్‌కు రావడం మామూలే. స్టెమ్ ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి) వాళ్ళ ఆఫీసులకూ హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ నుంచి వస్తారు. రిసెప్షన్‌లో కూర్చోబెట్టి, హెచ్‌ఆర్‌ని పిలిచి, వాళ్ళ కార్డు వివరాలు రాసుకుని మాట్లాడండి. ఆ వచ్చినవాళ్ళు పైసా అడగరు.

రోడ్డు మీద ఆపితే

మార్కింగ్ లేని కారు వెనక లైట్లు వెలిగిస్తే వేగం తగ్గించి, హజార్డ్ లైట్లు వేసి, 911కి ఫోన్ చేసి, వెలుతురున్న పెట్రోల్ బంకు దాకా నెమ్మదిగా వెళ్తున్నానని చెప్పండి. పారిపోతున్నట్టు కనపడకూడదు. ఆగాక అద్దం కొద్దిగా దించి, చేతులు స్టీరింగ్ మీదే ఉంచండి.

బయటికి వెళ్ళేటప్పుడు 18 ఏళ్ళు నిండిన ప్రతి వీసాదారుడి దగ్గర రిజిస్ట్రేషన్ రుజువు ఉండాలన్నది చట్టం. ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింటౌట్ గానీ, ఈఏడీ (పని అనుమతి) కార్డు గానీ, గ్రీన్ కార్డు గానీ పర్సులో పెట్టుకోండి. ఐ-94 కాపీ ఎవడైనా లాక్కుపోయినా ఇంకోటి ప్రింట్ తీసుకోవచ్చు. అందుకే పాస్‌పోర్ట్ ఇంట్లో ఉంచమంటున్నాను.

ముసుగులు, పేరు లేని చొక్కాల గొడవ మీద కాలిఫోర్నియా 2025 సెప్టెంబరులో రెండు చట్టాలు చేసింది. ఒకటి ముఖం కప్పుకోవడం మీద, ఇంకోటి గుర్తింపు చూపించడం మీద. ఫెడరల్ ప్రభుత్వం వాటిమీద కోర్టుకెక్కింది. కాబట్టి అక్కడ ఉన్నా సరే, "ముసుగు ఉంది కాబట్టి దొంగే" అనుకుని తిరగబడకండి.

ఇంట్లో అమ్మానాన్నలకు ఏం చెప్పి ఉంచాలి

దొంగలకు ఇప్పుడు ఇంకో దారి దొరికింది. పిల్లలు అమెరికాలో నిద్రపోతుంటారు. ఇండియాలో గుంటూరులోనో కరీంనగర్‌లోనో మధ్యాహ్నం అమ్మకు వీడియో కాల్ వస్తుంది. "మీ అబ్బాయిని ఇమిగ్రేషన్ వాళ్ళు పట్టుకున్నారు, బెయిలుకు అర్జంటుగా పంపండి" అంటాడు. కాల్ కట్ చేయకూడదు, ఎవరికీ చెప్పకూడదు అంటాడు. మన దగ్గర డిజిటల్ అరెస్ట్ అంటున్నది ఇదే. ఇండియాలో గానీ అమెరికాలో గానీ వీడియో కాల్‌లో అరెస్టు చేయడమన్నది ఏ చట్టంలోనూ లేదు.

ఇంట్లో ఒక మాట అనుకోండి, బయటివాళ్ళకు తెలియనిది. చిన్నప్పటి కుక్క పేరో, మేనత్త ముద్దుపేరో. ఫోన్ చేసినవాడు ఆ మాట చెప్పలేకపోతే పెట్టేయాలి. పిల్లల ఫోన్ కలవకపోతే రూమ్మేట్ నంబరు ఒకటి ఇంట్లో క్యాలెండర్ మీద రాసి ఉండాలి. నిజంగా ఐస్ కస్టడీలో ఉంటే వాళ్ళ వెబ్‌సైట్లో డిటెయినీ లొకేటర్ అని ఉంటుంది, పేరు, పుట్టిన దేశం కొడితే వెతకొచ్చు. అరెస్టయిన వెంటనే పేరు ఎక్కకపోవచ్చు కాబట్టి దాని మీదే ఆధారపడకుండా ఆ ప్రాంతపు ఇండియన్ కాన్సులేట్‌కి కూడా ఫోన్ చేయండి.

ఇండియా నుంచి డబ్బు వెళ్ళిపోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. తెల్లారాక, నాన్న వచ్చాక అనుకుంటే డబ్బు నాలుగు అకౌంట్లు మారిపోతుంది. ఇండియాలో ప్రభుత్వ ఉద్యోగినని నటించడం భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద నేరం. కనీసం ఆరు నెలలు, మూడేళ్ళ వరకు జైలు. ఫోన్, కంప్యూటర్ వాడి వేషం మార్చి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కూడా పడుతుంది.

జరిగిపోయాక

గిఫ్ట్ కార్డు నంబరు చదివి చెప్పేసి ఉంటే, కార్డు వెనక ఉన్న కంపెనీ నంబరుకు అప్పటికప్పుడు ఫోన్ చేసి ఫ్రీజ్ చేయమనండి. రసీదు పారేయకండి. జెల్ యాప్‌లోనో వైర్ ట్రాన్స్‌ఫర్‌తోనో పంపి ఉంటే బ్యాంకుకు ఫోన్ చేయండి. సోషల్ సెక్యూరిటీ నంబరు చెప్పేసి ఉంటే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ కంపెనీల్లోనూ మీ పేరు మీద ఎవరూ అప్పు తీసుకోకుండా క్రెడిట్ ఫ్రీజ్ పెట్టండి, ఉచితమే.

ఆ రాత్రే, మర్చిపోకముందే, జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోండి. ఎన్ని గంటలకు, ఏ నంబరు, ఏ మాట అన్నాడు, ఏం అడిగాడు. "ఆఫీసర్‌నని అన్నాడు" అని కాకుండా "ఐయామ్ ఆఫీసర్ ఫలానా ఫ్రమ్ ఐస్" అన్నాడని అతని మాటల్లోనే రాయండి. 912 కేసు నిలబడేది ఆ రెండింటి మీదే: ఎవరినని చెప్పుకున్నాడు, ఏం చేశాడు లేదా ఏం అడిగాడు. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్, వాట్సాప్ మెసేజులు, తలుపు దగ్గరైతే డోర్‌బెల్ కెమెరా వీడియో. కొన్నింటిలో వీడియో కొన్నాళ్ళకు దానంతటదే చెరిగిపోతుంది, వెంటనే డౌన్‌లోడ్ చేయండి. పార్కింగ్ లాట్ కెమెరా కోసం లీజింగ్ ఆఫీసులో అడగండి.

ఫిర్యాదు ఎక్కడంటే, మనిషి ఎదురుగా వచ్చిన కేసైతే ముందు మీ ఊరి పోలీసులకు, తర్వాత ఎఫ్‌బీఐకి 800-225-5324లో. ఫోన్, ఇంటర్నెట్ మోసమైతే ఎఫ్‌బీఐ వాళ్ళ ఐసీ3 వెబ్‌సైట్లో, దాంతోపాటు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రిపోర్ట్‌ఫ్రాడ్ పేజీలో. క్యాంపస్‌లో ఉంటే యూనివర్సిటీ పోలీసులకు చెప్పండి, వాళ్ళు మిగతా స్టూడెంట్లందరికీ అలర్ట్ పంపుతారు. అందరూ అడిగే ప్రశ్న, "నా వీసాకు ఏమన్నా అవుతుందా?" అని. మోసపోవడం నేరం కాదు. పైగా కిడ్నాప్, బలవంతపు నిర్బంధం, బెదిరించి డబ్బు గుంజడం లాంటి నేరాల బాధితులు పోలీసులకు సహకరిస్తే యూ వీసాకు అప్లై చేసే దారి కూడా ఉంది. క్యూ చాలా పెద్దది, అది వేరే సంగతి. స్టేటస్ విషయంలో ఏదైనా లోటు ఉంటే మాత్రం లాయర్ని పక్కన పెట్టుకుని ఫిర్యాదు ఇవ్వండి.

ఒక మాట కుర్రాళ్ళకు. రూమ్మేట్‌ని ఏడిపించడానికి "ఐస్ నుంచి మాట్లాడుతున్నా" అని ఫోన్ చేసే సరదాలు మానేయండి. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీలో "పోలీస్", "ఐస్" చొక్కాలతో హాస్టల్లోకి వెళ్ళబోయిన వ్యవహారంలో ఒక స్టూడెంట్‌ అరెస్టయ్యాడు. అమెరికా పౌరుడికైతే లాయర్ ఖర్చుతో పోవచ్చు, మనకు వీసాకే ఎసరు.

ఫిర్యాదు ఇచ్చాక ఐసీ3 నుంచి వెంటనే ఫోన్ వస్తుందని ఎదురు చూడకండి, చాలామందికి ఏ కబురూ రాదు. అయినా ఆ కాపీ దాచండి. ఇలాంటి ఫెడరల్ నేరాల మీద కేసు పెట్టడానికి మామూలుగా అయిదేళ్ళ గడువు ఉంటుంది, మీరా రోడ్ లాంటి ముఠా దొరికిన రోజున పాత ఫిర్యాదులే సాక్ష్యాలవుతాయి. మా కుర్రాడు ఆ రాత్రి మా డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చుని పదకొండున్నర దాకా ఫారం నింపాడు. "ఎంత నష్టపోయారు" అన్న గడి దగ్గర ఆగి, జేబులోంచి ఆ గీకని కార్డు తీసి చూసుకుని, సున్నా అని కొట్టాడు.